పాత క్లారినెట్ కొంటున్నారా? ‘కొత్త ప్యాడ్లు వేశాం’ అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

‘ఫుల్ సర్వీస్ అయింది, తీసి వాయించుకోవడమే’ అంటూ పాత చెక్క క్లారినెట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అలా వచ్చిన ఒకదాన్ని విప్పితే ప్యాడ్లన్నీ (కీ నొక్కితే రంధ్రాన్ని మూసే మెత్తని బిళ్లలు) సూపర్ గ్లూతో అంటించి ఉన్నాయి. పై జాయింట్ (వాయిద్యం పై సగం) మీది పగులుకు నల్ల పాలిష్ పూశారు. అన్నిటికీ మించి, అది హై పిచ్ వాయిద్యం.

ప్యాడ్లు మార్చుకోవచ్చు, పిచ్ మార్చలేం. 1920ల దాకా బ్రిటిష్ సైనిక బ్యాండ్లు ‘ఏ’ స్వరాన్ని 452 హెర్ట్జ్ దగ్గర పెట్టుకునేవి. అదే హై పిచ్. ఇప్పటి ప్రమాణం 440. హై పిచ్ క్లారినెట్ శ్రుతి హార్మోనియంలో పక్కపక్క మెట్లు రెండింటికీ దాదాపు నడిమధ్య పడుతుంది. బ్యారెల్ (మౌత్‌పీస్ కింది పొట్టి ముక్క) కాస్త బయటికి లాగితే చాలంటారు, చాలదు. బ్యారెల్‌కు దగ్గరి రంధ్రాల స్వరాలు బాగా దిగుతాయి, కింది స్వరాలు అంతగా దిగవు. స్వరానికీ స్వరానికీ మధ్య దూరమే చెడుతుంది. అందుకే డబ్బు కట్టే ముందు టేపు పెట్టి ఫొటో పంపమనండి. మౌత్‌పీస్ తీసేశాక ఇప్పటి బి-ఫ్లాట్ క్లారినెట్ సుమారు 60 సెం.మీ. ఉంటుంది. 57 దగ్గర ఉంటే వదిలేయండి. ‘హెచ్.పి.’ (హై పిచ్) ముద్ర ఉన్నా అంతే.

సూపర్ గ్లూ ఎందుకు తప్పంటే, ప్యాడ్ వేయడమంటే ఊరికే అంటించడం కాదు. కీ కప్పును (ప్యాడ్ కూర్చునే లోహపు గిన్నెను) స్పిరిట్ దీపం మీద వేడిచేస్తే ప్యాడ్‌ను అంటించిన లక్క మెత్తబడుతుంది. అప్పుడు ప్యాడ్‌ను అటూ ఇటూ జరిపి రంధ్రం అంచుమీద సమంగా కూర్చోబెడతాం. సూపర్ గ్లూ క్షణంలో బిగుస్తుంది, ఇక జరగదు. దాన్ని తీయాలంటే కీని వాయిద్యం నుంచి విప్పి, కప్పులో అసిటోన్ చుక్కలు వేసి గీకాలి. 17 ప్యాడ్ల రెడీమేడ్ సెట్టు కొనకండి. పాత కప్పులకు ఆ సైజులు తరచూ సరిపోవు. ఒక్కో కప్పు లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి, అర మిల్లీమీటరు తేడాలతో విడిగా కొనండి. వేశాక సన్నని సిగరెట్ కాగితం ముక్కను ప్యాడ్ కింద నాలుగు వైపులా పెట్టి లాగండి. పట్టు అన్ని వైపులా ఒకేలా ఉండాలి. ఒకవైపు వదులైతే మళ్లీ వేడిచేయాల్సిందే. అంచు చెక్క పెచ్చు ఊడి ఉంటే ఎంత మంచి ప్యాడైనా గాలి ఆపదు.

పగులు వెతకాల్సింది పై జాయింట్‌లో, ట్రిల్ కీల (పక్కనుంచి నొక్కే పొడవాటి కీల) రంధ్రాల చుట్టూ. టార్చి ఏటవాలుగా వేసి చూడండి. రంధ్రాన్ని చీల్చుకుంటూ పోయిన పగులు ఇంట్లో బాగుచేసేది కాదు.

అమ్మేవారిని ఒక్క వీడియో అడగండి: పై జాయింట్ రంధ్రాలు వేళ్లతో మూసి, కింది కొస అరచేతితో అదిమి, పైనుంచి పీల్చాలి. పీల్పు కొన్ని సెకన్లు నిలవాలి. వెంటనే జారిపోతే ఎక్కడో గాలి పోతోందన్నమాట. వీడియో ఇవ్వనంటే కొనకండి.

ఇప్పటికే చేతికొచ్చి ఉంటే, రిటర్న్ తేలేదాకా ఒక్క స్క్రూ కూడా విప్పకండి. పొడవు, ముద్ర, పగులు ఫొటోలు తీసి పంపండి. విప్పితే మీరే పాడుచేశారంటారు.