పాత ట్రావెలర్ క్యాంపర్‌కి ‘ఫుల్ మ్యూజిక్ ప్యాకేజీ’ బిగిస్తామంటే ముందు ఆ వైరు గీకి చూడండి

పాత టెంపో ట్రావెలర్ కొని, సీట్లు పీకించి, మంచం, వంటగట్టు పెట్టించి క్యాంపర్‌గా మార్చుకున్నవాళ్లకి ఒక ప్యాకేజీ అంటగడుతున్నారు. ఆండ్రాయిడ్ స్క్రీను, ‘2000 వాట్ల’ ఆంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్), 12 అంగుళాల వూఫరు (బాస్ స్పీకరు), ఆరు స్పీకర్లు, ‘4 గేజ్’ వైరింగ్ కిట్టు, బిగింపు కూలితో సహా అన్నీ కలిపి ఒకటే రేటు. దీన్ని తీసుకునేముందు ఇది చదవండి. స్క్రీను నత్తనడక నడిస్తే విసుగొస్తుంది, అంతే. ఆ కిట్టులోని వైరు మాత్రం బండిని తగలబెట్టగలదు. చుట్టూ ప్లైవుడ్ అరలు, ఫోమ్ పరుపు, మూలన గ్యాస్ సిలిండరు ఉండే బండి అది.

4 గేజ్ అంటే లోపల 21 చదరపు మిల్లీమీటర్ల రాగి ఉండాలి. ఇలాంటి చాలా కిట్లలో పైన రబ్బరు తొడుగు మందంగా ఉంటుంది, లోపల 8 చదరపు మిల్లీమీటర్లకి మించి ఉండదు. అదీ రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో ఒక పోగుని గీకితే తెల్లగా బయటపడుతుంది. లైటర్ మంటలో పెడితే రాగి పోగు ఎర్రగా కాలుతుంది, అల్యూమినియం పోగు ముడుచుకుని కరిగి తెగిపోతుంది. డబ్బు ఇవ్వకముందే షాపులో ఈ పరీక్ష చేయమనండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి.

తేడా ఎంతో లెక్క చూడండి. బ్యాటరీ నుంచి వెనక ఆంప్ దాకా 6 మీటర్ల వైరు, 40 ఆంపియర్ల కరెంటు అనుకుందాం. అసలైన 21 చదరపు మిల్లీమీటర్ల రాగిలో 0.2 వోల్టు పోతుంది. ఈ కిట్టు వైరులో 0.8 వోల్టు పోతుంది. ఎర్తు (మైనస్ వైరు) కూడా అదే వైరుతో లాగితే 1.6. బ్యాటరీలో 12.4 ఉంటే ఆంప్‌కి చేరేది 10.8. బాస్ కొట్టినప్పుడల్లా ఆంప్ ఆగి ఆగి మొదలవుతుంది, మెకానిక్ ‘బ్యాటరీ వీక్ సార్’ అంటాడు. కొత్త బ్యాటరీ వేయించినా అదే గోల. అసలు ప్రమాదం జాయింట్ల దగ్గర ఉంది. స్క్రూ కింద నలిగిన అల్యూమినియం మెల్లగా వదులవుతుంది, దాని మీద పొర కడుతుంది, అక్కడ వేడి పుడుతుంది, తొడుగు కరుగుతుంది.

కిట్టు వద్దని చెప్పి 25 చదరపు మిల్లీమీటర్ల రాగి వెల్డింగ్ కేబుల్ మీటర్ల లెక్కన కొనుక్కోండి. దాన్నీ గీకి చూసే కొనండి. వైరు కొసలకి రాగి లగ్గులు (బోల్టుకి బిగించే కొసలు) పెట్టి హైడ్రాలిక్ క్రింపింగ్ (యంత్రంతో గట్టిగా నొక్కించడం) చేయించండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇది పెద్ద పనేం కాదు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి మూరెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు ఉన్నది ఆంప్‌ని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. ఫ్యూజుని ఆంప్ దగ్గర పెడితే మధ్యలో వైరు బాడీకి ఒరుసుకున్నప్పుడు అది ఏమీ చేయలేదు. పలచటి వైరుకి కిట్టులో ఇచ్చే 100 ఆంపియర్ల ఫ్యూజు కూడా దండగే, ఫ్యూజు పోకముందే వైరు కాలిపోవచ్చు.

వాట్ల సంగతి ఆంప్ వెనక ఫ్యూజు చెప్పేస్తుంది. 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉంటే, 30ని 13.8తో గుణిస్తే లోపలికి వెళ్లేదే 414 వాట్లు. క్లాస్ ఏబీ అనే మామూలు రకం ఆంప్ అందులో సగం శబ్దంగా ఇస్తే గొప్ప. అంటే ‘2000’ కాదు, 200. డబ్బా మీద ఆర్ఎంఎస్ అంకె (నిలకడగా ఇచ్చే వాట్లు) లేకపోతే ఆ వస్తువు కొనకండి. పేరున్న కంపెనీ స్టీరియో (ముందు డ్యాష్‌బోర్డులో బిగించేది) ‘50 వాట్లు × 4’ అని రాసుకున్నా నిలకడగా ఇచ్చేది ఛానల్‌కి, అంటే ఒక్కో స్పీకరు లైనుకి, 15 నుంచి 22 వాట్లు. క్యాంపర్ లాంటి చిన్న గదికి, మంచి స్పీకర్లుంటే, అది చాలు కూడా.

పాత బండ్లలో ఇంకో ఉచ్చు ఉంది, బిగించేవాళ్లలో చాలామందికి ఇది పట్టదు. ఒకప్పటి స్టీరియోలకి స్పీకర్ మైనస్ బాడీకి కలిపేసేవాళ్లు, లేదా రెండు స్పీకర్లకి ఒకటే మైనస్ వేసేవాళ్లు. ఇప్పటి స్టీరియోల్లో స్పీకరుకి వెళ్లే రెండు వైర్ల మీదా సుమారు 6 వోల్టులుంటాయి. వాటిలో ఏది బాడీకి తగిలినా లోపలి ఐసీ (శబ్దం పెంచే చిప్) పోవచ్చు. అప్పుడు ‘పీస్ కాలిపోయింది, వారంటీ రాదు’ అంటారు. అందుకే పాత స్టీరియో తీయగానే మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టి, ఒక ముల్లు గీకిన బాడీ ఇనుముకి, ఇంకో ముల్లు ఒక్కో స్పీకర్ వైరుకి ఆనించాలి. ఆ తర్వాత ఒక స్పీకరు వైరుకీ ఇంకో స్పీకరు వైరుకీ మధ్య కూడా చూడాలి. ఎక్కడ బీప్ వచ్చినా పాత వైరు వదిలేసి ఒక్కో స్పీకరుకి విడిగా 1.5 చదరపు మిల్లీమీటర్ల జత లాగించండి.

ఆరు స్పీకర్లని నాలుగు ఛానళ్లకి కలపడం కూడా ఇలాంటిదే. నాలుగు ఓమ్‌ల స్పీకర్లు రెండు ఒకే ఛానల్‌కి సమాంతరంగా (ప్యారలల్‌గా) కలిపితే రెండు ఓమ్‌లవుతాయి, స్టీరియో అంత భారం మోయలేదు, వేడెక్కి ఆగిపోతుంది. నాలుగే పెట్టించండి. ఆంప్‌ని పరుపు కింద గాలి ఆడని పెట్టెలో బిగించనివ్వకండి.

స్టీరియో పసుపు వైరు (ఎప్పుడూ కరెంటు ఉండేది) ఇంజిన్ బ్యాటరీకి కలుపుతారు, వాళ్లకి అదే సులువు. ఆండ్రాయిడ్ స్క్రీన్లు కొన్ని ఆపేసినా పూర్తిగా నిద్రపోవు. 100 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకి 2.4 ఆంపియర్ అవర్లు, పది రోజులు బండి నిలిపితే 24. బ్యాటరీ పాతదైతే పొద్దున సెల్ఫ్ కొట్టకపోవచ్చు. పసుపు, నలుపు (మైనస్) రెండూ క్యాంపర్ లోపలి బ్యాటరీకి, విడి ఫ్యూజుతో వెళ్లాలి. స్టీరియోని ఆన్ చేసే ఎరుపు వైరుకి చిన్న స్విచ్ పెట్టించుకోండి.

స్క్రీన్ సెట్టింగ్స్‌లో ‘8 జీబీ (ర్యామ్), 128 జీబీ (స్టోరేజీ)’ అని కనిపించడం రుజువు కాదు, ఆ అంకెలు మార్చేసి పంపుతున్నారు. పెన్‌డ్రైవ్ నుంచి 40 జీబీ వీడియోలు నిజంగా కాపీ చేసి, తెరుచుకుంటాయో లేదో చూడండి.

బిల్లు మీద ఆర్ఎంఎస్ వాట్లు, వైరు చదరపు మిల్లీమీటర్లు, ‘పూర్తి రాగి’ అన్న మాట రాయించుకోండి. మోసం తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. 5 లక్షల లోపు కొనుగోలుకి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ఇవాళే బ్యాటరీ దగ్గర చూడండి. ఫ్యూజు కనిపించకపోతే ఆంప్‌కి వెళ్లే ఆ లావు ఎర్రవైరు మాత్రమే విప్పి, కొసకి టేపు చుట్టి పక్కన పెట్టేయండి. వైరు మార్చాకే మళ్లీ తగిలించండి.