విండోస్ ఇడిచిపెట్టకుండనే లినక్స్: డబ్ల్యూఎస్ఎల్ మీద నా రివ్యూ

మాది మిర్యాలగూడల చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీస్, ఐదుగురం, రైస్ మిల్లులకు కాంట బిల్లింగ్ చేసిస్తం. డెవలపర్లు కదా లినక్స్‌కు మారరాదు, ఫ్రీనే కదా అని అందరు అడుగుతరు. ఫ్రీనే, గని మిల్లుల కాంట కాడ కూసునే గుమస్తా పదేండ్ల సంది విండోస్ మీదనే పని చేస్తుండు, ఒక పక్క ట్యాలీ, ఇంకో పక్క కర్రుకర్రుమని కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, వడ్ల లారీ కాంట ఎక్కంగనే బరువు సీరియల్ కేబుల్ల కెళ్లి స్క్రీన్ మీదికి రావాలె. ఆయన కాడ నడిచేదే మా టేబుల్ మీద గూడ ఉంటేనే తప్పు ఏడుందో జల్ది దొరుకుతది. కొత్తగ చేరే పిల్లలకు గూడ కాలేజీ ల్యాబుల అలవాటైంది అదే, వారంల పనిల వడుతరు. మా సార్ లెక్క ఇదే, నాకు సబబే అనిపిస్తది.

గని మా సర్వర్ లినక్స్. గక్కడనే డబ్ల్యూఎస్ఎల్, అంటే విండోస్ లోపలనే లినక్స్ నడిపే మైక్రోసాఫ్ట్ సదుపాయం, మస్తు అక్కరకొచ్చింది. పవర్‌షెల్ల (విండోస్ల కమాండ్లు కొట్టే కిటికీ) ఒక్క కమాండ్ కొట్టి రీస్టార్ట్ చేస్తే ఉబుంటు అనే లినక్స్ రకం వచ్చేస్తది, 2019ల ప్రకటించిన రెండో వర్షన్ సంది అసలు లినక్స్ కర్నలే (లినక్స్ గుండెకాయ అసొంటి భాగం) నడుస్తది, ప్రోగ్రాంలను డబ్బాల లెక్క విడివిడిగ నడిపే డాకర్ గూడ దాంట్లనే.

ఒక్కటి యాదిల పెట్టుకోండ్రి, ప్రాజెక్ట్ ఫోల్డర్ సీ డ్రైవ్‌ల ఉంచి లినక్స్ నుంచి నడిపితే స్లో ఉంటది, లినక్స్ హోమ్ ఫోల్డర్‌లనే పెట్టాలె. ర్యామ్ గూడ సగం దాక తీసుకుంటది, 8 జీబీ ల్యాప్‌టాప్‌లకు మేము లిమిట్ పెట్టినం, 16 ఉంటే రంది లేదు. 5కు నాలుగున్నర ఇస్తున్న.