కారు లోన్ లేని మా నాన్నా, ఒబామాకేర్ సైటూ: పన్నెండేళ్ళ వాడకం తర్వాత

ఒబామాకేర్ అంటే, హెల్త్ ఇన్సూరెన్స్‌ని గవర్నమెంటు సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో సొంతంగా కొనుక్కునే వీలు కల్పించిన అమెరికా చట్టం. అందులో బ్రాంజ్ ప్లాన్ అంటే ఏంటి, సిల్వర్ అంటే ఏంటి, డిడక్టిబుల్ ఎలా లెక్కేస్తారు, ఇవన్నీ అమెరికాలో ఉన్న మనవాళ్ళకి తెలిసినవే, మళ్ళీ రాయను. నేను రాసేది ఒకే ఒక్క స్క్రీన్ గురించి. హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో అకౌంట్ తెరిచాక, మీరు మీరేనని నిరూపించుకోమని వస్తుంది చూడండి, అది. పన్నెండేళ్ళయినా దాని మీద నా కోపం చల్లారలేదు.

ముందు మంచి మాట చెప్పేస్తాను. ఇవాళ సైట్ బాగుంది. జిప్ కోడ్, వయసు, ఆదాయం కొడితే చాలు, లాగిన్ అవసరం లేకుండానే ప్లాన్లూ ధరలూ వచ్చేస్తాయి. మన డాక్టరు ఏ ప్లాన్‌లో ఉన్నారో, మనం వాడే బిళ్ళ ఏ ప్లాన్‌లో వస్తుందో అక్కడే చూసుకోవచ్చు. నిరుడు మా ఇంట్లో నలుగురి రెన్యువల్ ఇరవై నిమిషాల్లో ముగించాను.

2013లో ఇదేదీ లేదు. ఆ ఏడాది జూన్‌లో అమ్మానాన్నలు గ్రీన్ కార్డు మీద తెనాలి నుంచి మా దగ్గరికి, టెక్సస్‌లోని ఇర్వింగ్‌కి వచ్చారు. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు, అప్పటికి 66 ఏళ్ళు, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. అమ్మకి 61. అరవై ఐదు దాటినా మన అమ్మానాన్నల్లాంటి కొత్తవాళ్ళకి మెడికేర్ (పెద్దవాళ్ళకి గవర్నమెంటు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్) కావాలంటే గ్రీన్ కార్డు మీద ఐదేళ్ళు ఇక్కడ ఉండాలి. ఆ ఐదేళ్ళూ ఏం చేయాలన్నదే మా ఇంట్లో పెద్ద టెన్షన్. విజిటర్ ఇన్సూరెన్స్ కొంటే పాత జబ్బులకి పైసా ఇవ్వదు, మరి మా నాన్నకున్నవన్నీ పాత జబ్బులే. 2014 జనవరి నుంచి పాత జబ్బుందని పాలసీ నిరాకరించకూడదు, ఎక్కువ వసూలు చేయకూడదు అని చట్టం వచ్చింది కాబట్టి, సైట్ తెరుచుకునే అక్టోబరు 1 కోసం సంక్రాంతికి తత్కాల్ టికెట్లకి కూర్చున్నట్టు కూర్చున్నాం.

తత్కాలే నయం. ఆ రోజు ఉదయం నుంచి రాత్రి దాకా, రద్దీ ఎక్కువగా ఉంది ఆగండి అన్న పేజీ తప్ప ఇంకోటి చూడలేదు. అదే రోజు గవర్నమెంట్ షట్‌డౌన్ (బడ్జెట్ కుదరక ఆఫీసులు మూసేయడం) కూడా మొదలైంది, టీవీ పెడితే రెండూ కలిపి చూపిస్తున్నారు. మొదటి రోజు ఈ సైట్ మీద పని పూర్తి చేసుకోగలిగింది ఆరుగురని తర్వాత కాంగ్రెస్ కమిటీ బయటపెట్టిన కాగితాల్లో తేలింది. ఆరు వేలు కాదు, ఆరుగురు! మొదటి నెల మొత్తానికి, ఈ సైట్ వాడే 36 రాష్ట్రాలకి కలిపి 26,794 మంది. యాభై, అరవై వేల మంది ఒకేసారి వస్తారనుకుంటే రెండున్నర లక్షల మంది వచ్చారు, అందుకే ఇలా అయిందని మొదట్లో సర్ది చెప్పారు. మా ఆఫీసులో సగం మంది టెస్టింగ్ చేసి బతికేవాళ్ళమే, ఆ మాటకి ఎవరూ తలూపలేదు. మొదటి నుంచి చివరిదాకా కలిపి టెస్టు చేయడం అనేది ప్రారంభానికి ముందు చివరి రెండు వారాల్లోనే జరిగిందని కాంట్రాక్టర్లు అదే నెలలో కాంగ్రెస్ ముందు చెప్పినప్పుడు, మా టెస్టింగ్ లీడ్ లంచ్ బాక్స్ మూతపెట్టి లేచి వెళ్ళిపోయాడు.

నన్ను అడిగితే అసలు తప్పు రద్దీ కాదు. అకౌంట్ లేకుండా ప్లాన్లు చూసే వీలుని ప్రారంభానికి ముందే ఆపేశారు. ధర చూడాలన్నా సరే ముందు అకౌంట్ తెరువు, నువ్వెవరో రుజువు చేసుకో అన్నారు. బట్టల షాపు గుమ్మంలో ఆధార్ అడిగినట్టన్నమాట. చీర రేటు తెలుసుకుందామని వచ్చినవాళ్ళంతా గుమ్మంలోనే ఇరుక్కుపోయారు. గోల ఎక్కువయ్యాక లాగిన్ లేకుండా అంచనా ధర చూపించే పేజీ ఒకటి పెట్టారు గానీ, అందులో వయసుకి రెండే గడులు: 49 లోపు, 50 పైన. పైగా 50 దాటిన అందరికీ యాభై ఏళ్ళ మనిషి ధరే చూపించేది. 64 దాటినవాళ్ళ అసలు ప్రీమియం దానికి ఒకటిన్నర రెట్ల పైన ఉంటుంది. అది చూసి నేను అమ్మకి "పర్లేదమ్మా, భరించగలం" అని చెప్పేశాను కూడా.

అక్టోబరు చివర్లో ఒక అర్ధరాత్రి అకౌంట్ తెరుచుకుంది. నాన్నని లేపాను. స్వెట్టరు వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, గ్రీన్ కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు, పాస్‌పోర్టు ముందేసుకుని హాల్ టికెట్‌తో వచ్చిన కుర్రాడిలా కూర్చున్నారు. ఆ స్క్రీన్ ఎలా పనిచేస్తుందంటే, మన అప్పుల చరిత్ర రాసిపెట్టుకునే ఒక కంపెనీ దగ్గర్నుంచి ప్రశ్నలు వస్తాయి. ఫలానా ఏడాది ఏ కారుకి లోన్ తీసుకున్నారు, ఈ నాలుగు వీధుల్లో మీరు ఏ వీధిలో ఉండేవారు, ఇలాంటివి. నాలుగు నెలల క్రితం దేశంలోకి వచ్చిన మనిషికి కారెక్కడిది, లోనెక్కడిది? నాన్న వివరాలు కొట్టి నొక్కాను. ప్రశ్నలు కూడా రాలేదు. గుర్తింపు నిర్ధారించలేకపోయామని ఒక కోడు, ఒక ఫోన్ నంబరు ఇచ్చి ఊరుకుంది.

"అదేంట్రా, క్వశ్చన్ పేపరే ఇవ్వకుండా ఫెయిల్ చేశారు?" అన్నారు నాన్న.

ఆ నంబరు అప్పుల చరిత్ర రాసుకునే ఆ కంపెనీదే. ఫోన్ చేస్తే, మీ నాన్నగారి పేరు మీద మా దగ్గర ఏమీ లేదు కాబట్టి మేమేమీ చేయలేం అన్నారు. నాన్నకి తెలుగులో చెప్పాను. జీవితంలో ఒక్క అప్పు చేయలేదని బంధువులందరికీ గొప్పగా చెప్పుకునే మనిషి (అక్క పెళ్ళికి పీఎఫ్ లోన్ తీసుకున్నారు, అది లెక్కలోకి రాదట), ఆ గొప్పే ఇక్కడ అడ్డం తిరిగేసరికి కాసేపు మాట్లాడలేదు. గ్రీన్ కార్డు స్కాన్ చేసి సైట్‌లో ఎక్కించాను. నవంబరంతా పెండింగ్ అనే చూపించింది.

నవంబరు నెలాఖరుకి సైట్ బాగుచేశామని ప్రకటించారు, నాలుగు వందల పైచిలుకు లోపాలు సరిచేశామన్నారు. నిజంగానే పేజీలు చకచకా వచ్చేవి. నాన్న పెండింగ్ మాత్రం పెండింగే. జనవరి 1 నుంచి పాలసీ కావాలంటే డిసెంబరు 23 లోపు పూర్తి చేయాలి. ఇక లాభం లేదని కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి, ఏ భాష కావాలని అడిగితే ఊరికే అనేసినట్టు తెలుగు అన్నాను. లైన్లో ఉండమన్నారు. నిజంగా తెలుగు వచ్చింది!

నూటయాభై భాషల్లో దుబాసీలు ఉంటారని నాకు తర్వాత తెలిసింది. ఆ నిమిషంలో మాత్రం, అమెరికా గవర్నమెంటు ఫోన్‌లోంచి "నమస్కారమండీ" అని ఒక ఆడగొంతు వినిపించేసరికి నాన్న కుర్చీలోంచి సగం లేచారు.

"నమస్కారం తల్లీ. ఏ ఊరమ్మా మీది?"

పాపం ఆవిడ రూల్ ప్రకారం ఆ ప్రశ్నని కూడా ఇంగ్లీషులోకి మార్చి కాల్ సెంటర్ అమ్మాయికి వినిపించింది. ఆ అమ్మాయి తనని అడిగారనుకుని కెంటకీ అంది. ఈవిడ తెలుగులో "మాది కెంటకీ అండీ" అంది. తెలుగమ్మాయిని కెంటకీలో ఇచ్చారా అని నాన్న మాతో చాలా రోజులు బాధపడ్డారు. ఎంత చెప్పినా ఆ మాట అన్నది తెల్లమ్మాయి అని ఆయనకి ఎక్కలేదు.

తర్వాత యాభై నిమిషాలు. గ్రీన్ కార్డు మీద ఇంటిపేరు ముందుంది, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద వెనకుంది, ఏది పేరు ఏది ఇంటిపేరు అని ముగ్గురూ కలిసి తేల్చారు. పెన్షన్ రూపాయల్లో వస్తే డాలర్లలో ఎంత రాయాలి అన్న దగ్గర మాత్రం నాన్న దుబాసీకి ముందే, ఆ అమ్మాయికి ముందే నోటితో లెక్క చెప్పేశారు. గుర్తింపు సంగతి? కార్డుల మీదున్న నంబర్లు చదివించుకుని ముందుకెళ్ళిపోయారు. అప్పు గురించి ఎవరూ అడగలేదు.

ఇక్కడో మాట చెప్పాలి. కాల్ సెంటర్‌ని ఇంతలా మెచ్చుకుంటున్నాను గానీ, వాళ్ళు మన వివరాలు ఎక్కించేదీ అదే సైట్‌లో. మధ్యలో రెండుసార్లు ఆ అమ్మాయి సారీ చెప్పి ఆగమంది, తన తెర మీదా అదే చక్రం తిరుగుతోంది. అక్టోబరులో చేసుంటే ఆమె కూడా ఏమీ చేయలేకపోయేదేమో. పైగా జనవరిలో ల్యాబ్‌కి వెళితే, ఇలాంటి మెంబరే లేడు అన్నారు. మొదటి ప్రీమియం నా ఖాతాలోంచి పోయింది, ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళకి మాత్రం మనిషి కనపడలేదు. అక్టోబరు, నవంబరుల్లో సైట్ నుంచి కంపెనీలకి వెళ్ళిన రికార్డుల్లో సుమారు నాలుగోవంతు తప్పులతో వెళ్ళాయని ప్రభుత్వమే ఒప్పుకుంది కాబట్టి, మాది డిసెంబరుదైనా అందులో కలిపేసుకున్నాను. ఫిబ్రవరిలో కార్డు వచ్చింది.

2018లో ఇద్దరికీ మెడికేర్ వచ్చేసింది. 2019లో నేను ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టి నా పేరుతో అకౌంట్ తెరిచాను. నన్ను మూడు ప్రశ్నలు అడిగింది, అందులో ఒకటి పాత హోండా లోన్ గురించి. రెండు నిమిషాల్లో నేను నేనే అయిపోయాను.

అందుకే, పైన ఇరవై నిమిషాలు అన్నానే, అది నా అకౌంటు పాతది, నా అప్పులు పాతవి కాబట్టి. నిరుడు మా బావమరిది వాళ్ళ అత్తమామలు వస్తే వాళ్ళకోసం కూర్చున్నాను. అదే స్క్రీన్, కాస్త అందంగా ఉంది, అంతే. కాగితాలు ఎక్కిస్తే ఈసారి నెల కాదు, వారంలోపు అయింది. డాక్టరు పేరు వెతికే సౌకర్యం కూడా మెచ్చుకున్నాను కదా, అందులో కనిపించిన డాక్టరు ఆ ప్లాన్ తీసుకోవడం మానేసి ఏడాది అయిందని క్లినిక్‌లో చెప్పారు. ఫోన్ చేసి కనుక్కోకుండా నొక్కకండి.

మీ ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంటే ఈ సైట్‌తో మీకు పనే లేదు. నాలా సొంత పని ఉంటే, టెక్సస్‌లో ఇంతకంటే దారి నాకు కనపడలేదు. అమ్మానాన్నల కోసం చూసేవాళ్ళు మాత్రం రెండు సంగతులు కనుక్కోండి. వాళ్ళని మీ టాక్స్‌లో డిపెండెంట్లుగా చూపిస్తే, ప్రీమియంలో గవర్నమెంటు భరించే సబ్సిడీకి మీ ఆదాయం లెక్కలోకి వస్తుంది, అప్పుడు వచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. ఇక 2014లో మా నాన్నకి ఆ చిన్న పెన్షన్ మీద దొరికిన సబ్సిడీ, గ్రీన్ కార్డుతో కొత్తగా వచ్చి పేదరిక రేఖ కింద ఆదాయం చూపించేవాళ్ళకి కొత్త చట్టం ప్రకారం 2026 నుంచి లేదు. అది లేకపోతే ఆ రోజు మేం ఈ ప్లాన్ కొనేవాళ్ళమా అంటే, చెప్పలేను.

నాన్నకిప్పుడు 78. ఫెయిలైన ఆ ఏడాదే పంతం పట్టి నాతో బ్యాంకులో డిపాజిట్ కట్టించి క్రెడిట్ కార్డు తీసుకున్నారు. నెలకోసారి దాని మీద పాలు, కొత్తిమీర కొంటారు, మర్నాడే బాకీ కట్టేస్తారు. అప్పులు తీర్చే తీరుకి ఇచ్చే క్రెడిట్ స్కోరు ఇప్పుడు ఆయనది నాకంటే ఎక్కువ. ప్రశ్నలు అడిగేవాళ్ళే లేరు.