పంగిడి క్వారీలో ఆల్చిప్పలు

గోదావరి జిల్లాలకు వెళ్తున్నామనగానే అందరూ దిండి, పడవ షికారు, పూతరేకులు అన్నారు. క్వారీ చూడమన్నది మాత్రం జియాలజీ చదివిన మా బావమరిది ఒక్కడే.

బస రాజమండ్రిలో, స్టేషన్ దగ్గరి లాడ్జిలో. గది శుభ్రంగానే ఉంది కానీ ఏసీ రాత్రంతా గుర్రుపెట్టింది. చెబితే గది మార్చలేదు సరికదా, పొద్దున్నే ఆరింటికి దిగామని సగం రోజు అద్దె అదనంగా వేశారు. మళ్ళీ వెళ్తే అక్కడ దిగను.

కారు మాట్లాడుకుని కొవ్వూరు మీదుగా పంగిడి, గౌరీపట్నం వైపు వెళ్ళాం. నిర్మలగిరి మేరీమాత గుడికి జనం వచ్చే ఊరే. డెల్టా పల్లం అయిపోయి మెరక మొదలవుతుంది. దారి పొడవునా క్రషర్లు, టిప్పర్లు, దుమ్ము. గేటు దగ్గర మేస్త్రీని అడిగితే, "ఆయ్, చూస్కోండి. పదకొండింటికి బ్లాస్టింగుందండి, ఈలోపే వచ్చెయ్యాలి" అన్నాడు.

గోడలా కోసిన కొండ. కింద నల్లరాయి, పైనా నల్లరాయి, మధ్యలో తెల్లటి సున్నపురాయి పట్టీ. "బావా, ఈ పట్టీ సముద్రం" అన్నాడు వాడు. పడమటి కనుమల వైపు పుట్టిన దక్కను లావా సుమారు 1000 కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చి ఈ నల్లరాయిగా గట్టిపడిందట. ఓ ప్రవాహం చల్లారాక దాని మీద సముద్రం నిలిచి సున్నం పేరుకుంది. ఆ తర్వాత మళ్ళీ లావా.

రాలిపడిన ఓ పెళ్ళ తీసి గోటితో గీకాను. ఆల్చిప్ప అంచు బయటపడింది, విసనకర్ర మడతల్లా సన్నటి గీతలు. అసలు సాక్ష్యం దానికన్నా చిన్నదట: ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలు, మైక్రోస్కోపులో తప్ప కనబడవు. డైనోసార్లు పోయిన 6.6 కోట్ల ఏళ్ళనాటి విలయం తర్వాతే పుట్టుకొచ్చిన తొలి జాతులు ఈ పట్టీలో దొరికాయి. అంటే కింది లావా విలయానికి ముందుది, పైది తర్వాతది. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ గెర్టా కెల్లర్ బృందం 2008లో ఈ క్వారీల ఆధారంగానే ఆ మాట రాసింది. తర్వాత డెల్టా అడుగున ఓఎన్‌జీసీ తవ్విన బావుల రాళ్ళూ చూసి, అసలు తప్పు మెక్సికోలో పడ్డ ఉల్కది కాదు, దక్కను లావాది అని వాదించింది. ఉల్కే కారణమనేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువే. మావాడు మాత్రం లావా పక్షం. మధ్యాహ్నం భోజనాల దగ్గరా అదే గొడవ.

మర్నాడు దిండి. రాజమండ్రి నుంచి రెండు గంటల పైనే పట్టింది. గది, కొబ్బరితోట, వంట అన్నీ బాగున్నాయి. పడవవాడు గంటన్నర డబ్బులు తీసుకుని నలభై నిమిషాల్లో ఒడ్డుకు చేర్చాడు. రాళ్ళ కోసమే వెళ్ళేవాళ్ళు రాజమండ్రిలో ఉంటే చాలు. తొమ్మిదింటికల్లా క్వారీకి చేరండి, మేస్త్రీని అడక్కుండా గోడ దగ్గరికి పోవద్దు. బూట్లు వేసుకోండి. చెప్పులతో వెళ్ళి నేను కంకరలో రెండుసార్లు జారాను.