అదే రోజు క్యాప్: పని బాగుంది, బోర్డు మీద రాసిన గంటన్నర మాత్రం నమ్మకండి

నేను పంటికి క్యాప్ వేయించుకున్న క్లినిక్ పేరు రాయట్లేదు. హైదరాబాద్‌లో ‘ఒక్క రోజులో క్యాప్’ అనే బోర్డులు ఇప్పుడు కూకట్‌పల్లి, కొండాపూర్ వైపు బాగానే కనిపిస్తున్నాయి, కాబట్టి ఫలానా చోటికే వెళ్లండి అనడం కన్నా లోపల ఏం చేస్తారు, ఇచ్చిన డబ్బుకి తగ్గ పనేనా అన్నది చెబితే ఎవరికైనా పనికొస్తుంది. నాకైతే తగ్గ పనే అనిపించింది, కాకపోతే వాళ్లు చెప్పుకుంటున్న కారణానికి కాదు. వేగం, వేగం అని ఊదరగొడుతున్నారు గానీ ఇందులో అసలు లాభం వేరే ఉంది. తేడా వస్తే మనం కుర్చీలోంచి లేవకముందే అది బయటపడుతుంది, అక్కడే దిద్దేస్తారు.

నాది కింది దవడలో చివరి నుంచి రెండో పన్ను. రూట్ కెనాల్ అయ్యి క్యాప్ కోసం ఎదురుచూస్తున్న పన్నే, ఈలోగా ఆవకాయ టెంక తగిలి ఓ పక్క పెచ్చు ఊడొచ్చింది. రూట్ కెనాల్ చేసిన దవడ పన్నుకి క్యాప్ ఎందుకంటే, లోపలంతా తొలిచేసి ఉంటుంది, మిగిలిన గోడలు పల్చబడతాయి, నమిలే బరువంతా వాటి మీదే పడి అవి చీలే ప్రమాదం ఉంటుంది. చీలిక చిగురు కింద లోతుకి పాకిందంటే చాలాసార్లు పీకేయడమే. డాక్టర్లు ఈ మాట చెబితే డబ్బు కోసమే అంటున్నారనుకునేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు, అందుకని రాస్తున్నా.

పాత పద్ధతి చాలామందికి అనుభవమే. ట్రేలో పుట్టీ నింపి నోట్లో అదిమి పట్టుకుంటారు, అది గట్టిపడేదాకా గొంతులోకి జారుతున్నట్టు డోకొస్తుంది, పక్కన అసిస్టెంట్ అమ్మాయేమో ముక్కుతో గాలి పీల్చండి, ముక్కుతో పీల్చండి అంటూ ఉంటుంది. ఆ అచ్చు ల్యాబ్‌కి వెళ్తుంది, అక్కడ ప్లాస్టర్ పోసి దాని మీద క్యాప్ తయారు చేస్తారు, వారమో పది రోజులో పడుతుంది. అందాకా పెట్టే తాత్కాలిక క్యాప్ మన పులుసులూ పసుపూ పుణ్యమా అని పచ్చబడిపోతుంది, లేదా ఏ అన్నం ముద్దతోనో ఊడొస్తుంది. అలాగని పాతదంతా పనికిరాదని ఎవరైనా అంటే నమ్మకండి. మా అత్తయ్యకి ఎప్పుడో వేసిన క్యాప్, లోపల లోహం పైన పింగాణీ ఉండే రకం, ఇప్పటికీ దిట్టంగా ఉంది. చిగురు కాస్త వెనక్కి జరిగి అంచు దగ్గర నల్లటి గీత బయటపడిందంతే.

ఇక్కడ పుట్టీ లేదు, నోటిని స్కాన్ చేసి క్లినిక్‌లోనే మెషిన్‌తో క్యాప్ చెక్కుతారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, విరిగినచోట గట్టి ఫిల్లింగ్‌తో పన్నుని నిలబెట్టి, చుట్టూ అరగదీశారు. పైభాగం ఒకటిన్నర మిల్లీమీటర్ దాకా తగ్గించాలట, క్యాప్‌కి ఆపాటి మందం లేకపోతే నమిలేటప్పుడు పగులుతుంది. మూలలన్నీ గుండ్రంగా చేశారు. ఎందుకని అడిగాను. మెషిన్‌లో క్యాప్ లోపలివైపును తొలిచే వజ్రపు బర్‌కి, అంటే చెక్కే ములికికి, కూడా ఓ మందం ఉంటుంది, తనకన్నా సన్నటి మూలలోకి అది దూరలేదు, పన్ను మీద పదునైన అంచు వదిలేస్తే క్యాప్ అక్కడ సరిగ్గా కూర్చోదు. డాక్టర్ పనితనం తెలిసేది ఇక్కడే. ఎంత ఖరీదైన మెషిన్ అయినా సరే, వంకరగా అరగదీసిన పన్నుకి వంకర క్యాప్‌ని చాలా శ్రద్ధగా చెక్కి చేతిలో పెడుతుంది.

తర్వాత చిగురుకీ పన్నుకీ మధ్య సన్నటి దారం దూర్చారు, చిగురు కాస్త తొలగి అరగదీసిన అంచు బయటికి కనిపించడానికి. నొప్పి తెలియలేదు గానీ ఆ నొక్కుడు తెలిసింది. ఆ తర్వాత లావు టూత్‌బ్రష్ లాంటి స్కానర్‌ని నోట్లో పెట్టి కింది పళ్లు, పై పళ్లు, చివర్లో పళ్లు కరిచి పట్టుకోమని పక్క నుంచి ఒకసారి తిప్పారు. స్క్రీన్ మీద నా దవడ రంగులతో సహా అప్పటికప్పుడు పేరుకుంటూ వచ్చింది. స్కానర్ చూడని చోట ఖాళీలు, మళ్లీ అటు తిప్పగానే అవి పూడిపోతాయి. చూస్తూ కూర్చుంటే డోకు సంగతి దేవుడెరుగు, టైమే తెలియలేదు.

అయితే స్కానర్‌కి ఒక బలహీనత ఉంది, ఏ పాంప్లెట్‌లోనూ కనపడదు. అది కాంతితో చూస్తుంది కాబట్టి దానికి కనిపించిందే కొలత. రక్తం, ఉమ్ము, చిగురు మడత, ఏది అడ్డొచ్చినా దాని కింద ఏముందో దానికి తెలియదు. నాకు నాలుక వైపు కాస్త రక్తం ఊరింది. స్క్రీన్ మీద అంచు గీత అంతా స్పష్టంగా వచ్చి సరిగ్గా అక్కడ మాత్రం చిగుట్లో కలిసిపోయింది. డాక్టర్ ఆ చోటుని పెద్దది చేసి చూసి, “ఈ ముక్క నాకు నచ్చలేదు మేడమ్, మళ్లీ తీస్తాను” అని, ఆ భాగం వరకు చెరిపేసి, దారం మార్చి, ఆరబెట్టి మళ్లీ స్కాన్ చేశారు. నిమిషాల్లో అయిపోయింది. పుట్టీ అచ్చు అయితే జాగ్రత్త గల డాక్టర్ నోట్లోంచి తీయగానే పట్టుకుంటారు, ఆ రోజు క్లినిక్ కిటకిటలాడుతుంటే మాత్రం అది అలాగే ల్యాబ్‌కి వెళ్లిపోతుంది, అక్కడివాళ్లు మళ్లీ అచ్చు పంపమనాలి, లేదంటే అందాజాగా గీత గీసుకుని కానిచ్చేయాలి. ఆ రెండోది జరిగితే మనకి తెలిసే దారే లేదు, ఎప్పటికో క్యాప్ అంచు కింద పుచ్చు పడినప్పుడు తప్ప.

అన్నట్టు, ఇదేదో నిన్న మొన్న వచ్చిన టెక్నాలజీ అన్నట్టు రిసెప్షన్‌లో చెబుతారు. జ్యూరిక్ యూనివర్సిటీలో వెర్నర్ మోర్మాన్ అనే దంతవైద్యుడు, మార్కో బ్రాండెస్టీని అనే ఇంజినీర్ కలిసి తయారు చేసిన సెరెక్ మెషిన్‌తో 1985లోనే పేషెంట్ పక్కన పింగాణీ ఫిల్లింగ్ చెక్కి పెట్టారు. సీమెన్స్ కంపెనీ దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. చాలా ఏళ్లపాటు స్కాన్‌కి ముందు పళ్ల మీద తెల్లటి పొడి చల్లాల్సొచ్చేది, పన్ను మెరుపుకి కెమెరా తడబడకుండా. ఇప్పటి స్కానర్లలో చాలావాటికి ఆ గోల లేదు. నలభై ఏళ్ల నుంచి సానపడుతూ వచ్చిన పద్ధతి అంటే నాకైతే ధైర్యమే వచ్చింది, ఆ మాట చెప్పుకోకుండా ‘లేటెస్ట్’ అని ఎందుకంటారో మరి.

డిజైన్ నా కళ్ల ముందే చేశారు. పక్క పళ్లని, ఎదుటి పన్నుని చూసుకుని సాఫ్ట్‌వేరే ఓ ఆకారం చూపిస్తుంది, డాక్టర్ అంచు గీత సరిచూసుకుని గుంటలూ గట్లూ సవరిస్తారు, పై పన్ను ఎక్కడ ఒత్తుగా తగులుతుందో అక్కడ రంగు మారుతుంది. తర్వాత బ్లాక్ తీశారు. లిథియం డైసిలికేట్, ఇవోక్లార్ వాళ్ల ఈ-మాక్స్ పేరు విన్నవాళ్లకి తెలుస్తుంది, ఆ రకం పింగాణీ. చిన్న ఊదారంగు ఇటుక, కింద లోహపు కాడ. నాకు ఊదారంగు పన్ను పెడతారా ఏంటని కాసేపు టెన్షన్ పడ్డాను. అది సగం స్ఫటికంగా మారిన దశ అట. ఆ దశలో చెక్కడానికి లొంగుతుంది, తర్వాత కొలిమిలో 840 డిగ్రీల దరిదాపుల్లో కాలిస్తే పూర్తి గట్టిదనం వచ్చి పంటి రంగుకి తిరుగుతుంది. మిల్లింగ్ మెషిన్‌లో రెండు వజ్రపు బర్‌లు రెండు వైపుల నుంచి, నీళ్లు చిమ్ముకుంటూ చెక్కాయి. చప్పుడు మామూలుగా లేదు, పక్క గదిలో పిల్లాడెవడో ఏడుపు అందుకున్నాడు. పావుగంటలో కాడకి అంటుకుని ఊదారంగు పన్ను తయారు.

కాల్చకముందు దాన్ని నోట్లో పెట్టి చూస్తారు. తేడా ఇక్కడ తేలింది. క్యాప్‌కీ దాని ముందున్న పక్క పన్నుకీ మధ్య ఫ్లాస్ దారం లాగితే ఏ పట్టూ లేకుండా జారిపోయింది, అంటే సందు ఉందన్నమాట. ఆ సందులో తోటకూర కాడల నార, మటన్ పీచు రోజూ ఇరుక్కుని ప్రాణం తీస్తాయి, చిగురు వాస్తుంది. “కాల్చేటప్పుడు ఆ వైపు కొంచెం పింగాణీ కలిపి సరిచేయొచ్చండి” అన్నారు డాక్టర్, నేను ఏదో అనేలోపు ఆయనే “వద్దులెండి, ఇంకోటి చెక్కిద్దాం” అని డిజైన్‌లో ఆ పక్క రవ్వంత ఉబ్బించి కొత్త బ్లాక్ పెట్టారు. దీనికి వేరే డబ్బులు అడగలేదు. రెండోదానికి ఫ్లాస్ లాగితే టక్కుమని పట్టి వదిలింది, అలాగే ఉండాలి. ఇదే ల్యాబ్ క్యాప్ అయ్యుంటే ‘పర్లేదు, అలవాటవుతుంది’ అని అతికించేసే ప్రమాదం ఎంతైనా ఉంది, ఎందుకంటే వెనక్కి పంపితే ఇంకో వారం, ఇంకో అపాయింట్‌మెంట్, అది డాక్టర్‌కీ ఇబ్బందే.

రంగు పూసి, గ్లేజ్ వేసి, కాల్చి, చల్లారేదాకా ఆగడం ఓ తతంగం. అతికించడం ఇంకో తతంగం. క్యాప్ లోపలివైపును బయటే యాసిడ్‌తో గరుకు చేసి, ఏదో ద్రవం పూసి, రెజిన్ సిమెంట్‌తో పెట్టి లైట్ కొట్టారు. మొత్తం కలిపి గంటన్నర అన్నది నాలుగు గంటలకి దగ్గర పడింది. నాకు విసుగు రాలేదనను, ఏసీ మరీ చల్లగా ఉంది, ఆ టీవీలో ఒకటే యాడ్ తిరుగుతూనే ఉంది. ఆఫీసు నుంచి మధ్యలో పరిగెత్తుకెళ్లి వేయించుకుందాం అనుకుంటే కుదరదు, ఓ పూట సెలవు పెట్టుకోండి. చివర్లో కార్బన్ కాగితం కొరికించి ఎత్తు సరిచేశారు. మత్తులో ఉండగా ఎత్తు సరిగ్గా తెలియదు, మర్నాడు ఆ పన్నే ముందు తగులుతున్నట్టు ఉంటే మొహమాటపడకుండా వెళ్లి చెప్పండి, ఎత్తు క్యాప్‌తో నెట్టుకొస్తే నొప్పి మొదలవుతుంది.

ఇంటికొచ్చాక మా అత్తయ్య నోరు తెరిపించి మరీ చూసి, “పొద్దున పోయి పన్ను కట్టించుకుని అన్నం వేళకి వచ్చేశావా? ఊడదు కదా?” అన్నారు. ఊడలేదు. సకినాలు కూడా ఆ వైపు నమిలే తింటున్నా.

అందరికీ ఇదే సరిపోతుందని మాత్రం అనను. రాత్రి పళ్లు కొరికే అలవాటున్నవాళ్లకి, చివరి దవడ పన్నుకి జిర్కోనియా అనే ఇంకో రకం పింగాణీ వేయమంటారు, అది ఇంకా గట్టిది. దాన్ని సుద్దలా ఉన్నప్పుడే అసలు సైజు కన్నా ఓ 20 నుంచి 25 శాతం పెద్దగా చెక్కి, దాదాపు 1500 డిగ్రీల్లో కాలిస్తే కుంచించుకుపోయి కొలతకి వస్తుంది. మామూలు కొలిమిలో దీనికి గంటలకి గంటలు పడుతుంది, తొందరగా కాల్చే ప్రత్యేక కొలిమి ఉంటేనే అదే రోజు అవుతుంది. కాబట్టి జిర్కోనియా కూడా ఒక్క పూటలో అంటే ఆ కొలిమి ఉందా అని అడగండి. ఇక ముందు పళ్లకైతే నేను ఇక్కడికి వెళ్లను. ముందు పన్నులో చిగురు దగ్గర ఒక రంగు, కొసన దాదాపు అద్దంలా ఇంకో రంగు ఉంటుంది, పక్క పన్నుకి దీటుగా అది రావాలంటే పొరలు పొరలుగా పింగాణీ పేర్చే మంచి ల్యాబ్ టెక్నీషియన్ చేయి పడాల్సిందే. వెనక పన్నుకి ఎవరు చూడొచ్చారు.

ఇంకోటి, బోర్డు మీద ‘డిజిటల్’ అని ఉన్నంత మాత్రాన మెషిన్ అక్కడే ఉందని కాదు. స్కానర్ మాత్రమే పెట్టుకుని ఫైల్‌ని ల్యాబ్‌కి పంపేవాళ్లున్నారు. అందులో తప్పేమీ లేదు, పుట్టీ బాధ తప్పుతుంది, ల్యాబ్ మంచిదైతే క్యాప్ కూడా బాగుంటుంది, కానీ అదే రోజు రాదు, కుర్చీలో కూర్చోబెట్టి దిద్దడమూ ఉండదు. ఫోన్‌లోనే “చెక్కడం మీ దగ్గరేనా, ల్యాబ్‌కి పంపుతారా?” అని సూటిగా అడగండి. సంక్రాంతికి పది రోజుల సెలవు మీద వచ్చి పళ్ల పని ఇక్కడే చేయించుకుని పోదామనుకునే అమెరికా చుట్టాలకి ఇది మరీ ముఖ్యం, అక్కడ ఒక్క క్యాప్‌కి వెయ్యి డాలర్లు దాటేస్తుంది మరి. రూట్ కెనాల్ కూడా ఆ పది రోజుల్లోనే అంటే మాత్రం ముందే డాక్టర్‌తో మాట్లాడుకోండి.

నా దగ్గర క్యాప్‌కి 18 వేలు తీసుకున్నారు, పన్ను నిలబెట్టిన ఫిల్లింగ్‌కి, ఎక్స్-రేకి వేరే. ఈ వేరే లెక్క మొదట్లో ఎవరూ చెప్పలేదు, బిల్లు చేతికొచ్చాక తెలిసింది, అదొక్కటీ నాకు నచ్చలేదు. వారంటీ కార్డు ఇచ్చారు, అందులో షరతులు చదివితే వారంటీ ఎక్కడుందో వెతుక్కోవాలి. దానికన్నా పనికొచ్చేది స్కాన్, డిజైన్ ఫైళ్లు. రేపు క్యాప్ విరిగి లోపలి పన్ను చెక్కుచెదరకుండా ఉంటే ఆ డిజైన్‌తోనే ఇంకోటి చెక్కించుకునే వీలుంటుంది, ఆ క్లినిక్ ఉన్నా లేకపోయినా. అడిగి పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. నేనడిగితే రిసెప్షన్‌లో మొహం మాడ్చుకున్నారు, ఇవ్వడమైతే ఇచ్చారు.