తిత్తి చంకన పెట్టుకుని కాన్సాస్ సిటీకి

"వీధి భాగవతంలో తిత్తి ఊదేవాణ్ణి చూసి నవ్వేవాడివట, ఇప్పుడు నువ్వే తిత్తి చంకన పెట్టుకుని ఎనిమిది గంటలు కారు నడుపుతావా?" అంటుంది మా ఆవిడ. నడుపుతాను. ఏటా జనవరిలో కాన్సాస్ సిటీలో బ్యాగ్‌పైప్ (స్కాట్లండ్ వాళ్ల తిత్తి) వాళ్లూ డ్రమ్ముల వాళ్లూ చేరే 'వింటర్ స్టార్మ్' అంటే నాకు సంక్రాంతితో సమానం. ఈసారి వెళ్తే మూడోసారి.

పైప్ బ్యాండ్ పోటీల సీజన్ వేసవి. ఎండలో, మైదానంలో, నలుమూలలా శ్రుతులు సరిచేసుకునేవాళ్ల మధ్య మన శ్రుతి మనకే వినబడదు. చలికాలం అలా కాదు. పోటీలు, కచేరీ, క్లాసులు అన్నీ నాలుగ్గోడల మధ్యే. నాలాంటి నేర్చుకునేవాడికి పెద్దవాళ్లు తీరిగ్గా దొరుకుతారు.

డల్లాస్ నుంచి ఐ-35 మీద దాదాపు 550 మైళ్లు. కాన్సాస్ టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డులో 2024 నుంచి నగదు తీసుకోవడం లేదు. కారుకి అంటించుకునే మన డల్లాస్ టోల్‌ట్యాగ్ అక్కడా చెల్లుతుంది. విచిటా దాటాక ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి గుట్టల్లో చెట్టూ చేమా ఉండదు, ఈదురుగాలికి కారు పక్కకి లాగేస్తుంది. చీకటి పడేలోగా అది దాటేయండి.

అసలు సంగతి బస. మొదటిసారి డబ్బులు మిగులుతాయని ఊరి బయట మోటల్లో దిగాను. గదిలో హీటర్ ఆపుదామంటే మీట పనిచెయ్యదు, ఆ పొడిగాలికి పైపుల్లో మోగే పీక, అంటే రీడ్, ఎండిపోతుందేమోనని భయం. అతితెలివితో పైపుల్ని రాత్రంతా కారు డిక్కీలో ఉంచాను. పొద్దున్నే తీసి, ఆ చల్లటి కర్రలోకి వెచ్చటి తడి ఊపిరి ఊదాను. పైపులు చేసే ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ కర్ర లోపలివైపు ఉబ్బుతుంది, బయటివైపు బిగిసే ఉంటుంది. ఎప్పుడూ ఒకే శ్రుతి పలికే గొట్టం, డ్రోన్ అంటారు, దాని మీద వెంట్రుకంత పగులు. బాగుచేయించడానికి అయిన ఖర్చుతో మంచి హోటల్లోనే ఉండొచ్చు!

రెండో ఏడు కార్యక్రమం జరిగే హోటల్లోనే దిగాను. రేటు ఎక్కువ, పార్కింగ్‌కి వేరే. అర్ధరాత్రి దాకా వరండాలో ఎవరో ఒకరు ప్రాక్టీస్ చాంటర్ (తిత్తి లేని సాధన పిల్లనగొట్టం) ఊదుతూనే ఉంటారు. అయినా లిఫ్ట్ దిగితే క్లాసు, పైపులకి చలిగాలి తగలదు. నా ఓటు దీనికే.

అక్కడ విన్న పీబ్రాక్, అంటే బ్యాగ్‌పైప్ మీద వాయించే పాత శాస్త్రీయ సంగీతం, ఇంకా చెవుల్లోనే ఉంది. ముందు నెమ్మదిగా మూల వరస, దాని మీద ఒక్కొక్కటే అల్లికలు. ఉన్నవి తొమ్మిదే స్వరాలు. మన జతుల్లాగే వాళ్లకీ నోటితో పలికే అక్షరాలున్నాయి, వాటిని కాంటరాక్ అంటారు. క్లాసులో అది పాడించినప్పుడు అందరికంటే ముందు నాకే పట్టుబడింది, కొంచెం గర్వంగా చెప్పుకుంటున్నాను.

ఊళ్లో స్ట్రీట్‌కార్ (ట్రామ్) ఉచితం. 1914 నాటి యూనియన్ స్టేషన్ నుంచి దుకాణాలూ హోటళ్లూ ఉన్న క్రౌన్ సెంటర్‌కి అద్దాల వంతెన మీదుగా, చలి తగలకుండా నడిచిపోవచ్చు. మాంసం తినేవాళ్లకి బర్న్‌ట్ ఎండ్స్ (పొగలో కాల్చిన గొడ్డుమాంసం ముక్కలు) ఉన్నాయి. నేను మాత్రం పప్పన్నం కోసం శివారు ఊరు ఓవర్‌ల్యాండ్ పార్క్ దాకా పోతాను.

ఈసారి గది లిఫ్ట్‌కి దూరంగా ఇమ్మని అడిగాను. మా ఆవిడ కూడా వస్తానంది. నిన్న ఇయర్‌ప్లగ్స్ రెండు జతలు కొనుక్కుంది.