మొదటి గిటార్: అకూస్టిక్కా, ఎలక్ట్రిక్కా?

"ముందు అకూస్టిక్ మీద నేర్చుకో, వేళ్లు గట్టిపడతాయి. తర్వాత ఎలక్ట్రిక్ ఓ లెక్కా!" గిటార్ కొందామనుకునేవాళ్లకి ఎవరో ఒకరు ఈ సలహా ఇచ్చే తీరతారు. నేనూ విన్నాను. విని, అకూస్టిక్ కొని, ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాల్ని ఒకేసారి కలిపి పలికించే పట్టు) దగ్గర చతికిలబడ్డాను.

చూపుడువేలు మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డకడ్డీల మధ్య గడి) మీద అడ్డంగా పరిచి ఆరు తీగలూ ఒకేసారి నొక్కాలి. ఒక్కోటీ మీటి చూసుకుంటే రెండు పలికేవి, మిగతా నాలుగూ టక్ టక్ మనేవి. మూడు వారాలు కుస్తీ పట్టి గిటార్‌ని మూలన పెట్టేశాను. కొన్ని నెలల తర్వాత, బాగా వాయించే ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకుని, మెడ వెంబడి కన్ను సారించి, "ఇది నాకే నొక్కుడుపడటం లేదు, నీకెలా వస్తుంది?" అన్నారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ సుమారు 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. రెండున్నర ఉంటే చాలు. నట్ (మెడ పై కొసన తీగలు ఆనే పట్టీ) గాడులు కాస్త లోతు చేయించి, కింద శాడిల్ (రెండో కొసన తీగలు ఆనే పట్టీ) అరగదీయిస్తే అదే గిటార్, అవే వేళ్లు, ఎఫ్ పలికింది.

అందుకని నొప్పంతా అకూస్టిక్ నెత్తిన రుద్దను. కానీ సరిగ్గా అమర్చిన రెండింటినీ పక్కపక్కన పెడితే వేళ్లకి ఎలక్ట్రిక్కే సుఖం. దాని సన్నతీగ సాధారణంగా 0.009 లేదా 0.010 అంగుళాలు, అకూస్టిక్‌ది 0.012. తేడా వెంట్రుకంతే కదా అనిపిస్తుంది. అదే పొడవులో అదే స్వరం పలకాలంటే 0.009 తీగకన్నా 0.012 తీగని ముప్పావు వంతుకు పైగా ఎక్కువ బిగించాలి. ఆ బిగువంతా వేలి కొసకే తగులుతుంది.

నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ ఇంకా మెత్తన. అయితే దాని మెడ నట్ దగ్గర సుమారు 52 మిల్లీమీటర్లు, మామూలు అకూస్టిక్‌ది 43. చిన్న చేతులకి చాచడం కష్టం.

ఎలక్ట్రిక్ గొడవ వేరు. ఆంప్ (శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె), కేబుల్ కూడా కొనాలి. తీగ కదలికని పికప్ అయస్కాంతాలు పట్టేస్తాయి కాబట్టి పొరపాటున తగిలిన తీగ కూడా ఆంప్‌లో అరుస్తుంది. వాయించని తీగల్ని అరచేత్తో అదిమి ఉంచడం మొదటి నుంచే నేర్చుకోవాలి. పైగా నాబ్‌లు తిప్పుతూ కూర్చుంటే గంట ఇట్టే గడిచిపోతుంది, సాధన మాత్రం సున్నా. రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకోవచ్చన్న లాభాన్ని మాత్రం తక్కువ చేయలేం.

రిఫ్‌లు (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరసలు), సోలోలు వాయించాలన్నదే మీ కోరికైతే నేరుగా ఎలక్ట్రిక్ కొనేయండి, అకూస్టిక్ మీదుగా చుట్టు తిరిగి రానక్కర్లేదు. పాడుతూ కార్డ్స్ వాయించాలంటే అకూస్టిక్. ఏదీ తేల్చుకోలేకపోతే కూడా నా ఓటు అకూస్టిక్‌కే. స్టాండ్ మీద నుంచి తీస్తే పది సెకన్లలో మొదలెట్టేయొచ్చు. అయితే సన్నతీగ 0.011 లేదా 0.010 అంగుళాలు ఉండే తీగల సెట్ వేయించుకోండి.

డబ్బు కట్టే ముందు మొదటి ఫ్రెట్ దగ్గర ఆరు తీగల్నీ విడివిడిగా నొక్కి చూడండి. ఒక్క వేలితో ఒక్క తీగ నొక్కడానికే పళ్లు బిగించాల్సి వస్తే, ఆ గిటార్‌ని సెటప్ చేయించి, అంటే తీగల ఎత్తు సరిచేయించి ఇమ్మనండి.